హంతకుడు దొరికాకే టర్బో బిగించండి

సంక్రాంతి దాటిందంటే పొన్నూరు చుట్టుపక్కల పికప్ బండ్లకు తీరిక ఉండదు. పెదనందిపాడు వైపు కల్లాల్లో ఎండిన మిర్చి టిక్కీలకెక్కి గుంటూరు యార్డుకు బయల్దేరుతుంది. పత్తి బోరాలు, మినుముల బస్తాలు, వరిగడ్డి దాని వెనకే. సరిగ్గా ఈ రోజుల్లోనే బండి మొండికేస్తుంది. మొన్నటిదాకా నాలుగో గేరులో లాగిన లోడుకు మూడో గేరు అడుగుతుంది. వెనక పొగ చిక్కబడుతుంది. బానెట్ కింద నుంచి సన్నటి ఈల వినిపిస్తుంది. మెకానిక్ గాలి పైపు ఊడదీసి, లోపల వేలు పెట్టి ఫ్యాన్ కదిపి చూసి ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: "టర్బో పోయింది."

కొత్తది కొంటే సీజన్ సంపాదనలో పెద్ద ముక్క దానికే పోతుంది. విజయవాడ ఆటోనగర్‌లో పాతది చూసి తెచ్చి, రిపేర్ కిట్ వేసి, ఇంటి దగ్గరే బిగించుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన అప్పుడే వస్తుంది. పానా పట్టడం వచ్చినవాళ్లకు, తొందర లేనివాళ్లకు ఇది అందని పనేమీ కాదు. ఈ అధ్యాయం వాళ్ల కోసమే.

అయితే పానా తీసే ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. టర్బో తనంతట తాను చావడం చాలా అరుదు. దాన్ని ఏదో ఒకటి చంపుతుంది. చంపినది బండిలోనే ఉండగా ఇంకో టర్బో బిగిస్తే రెండో హత్యకు మనమే ముహూర్తం పెట్టినట్టు. "కిట్ వేశాను, నెల తిరక్కుండా మళ్లీ పోయింది" అనేవాళ్ల కథల్లో చాలావరకు తప్పు కిట్‌ది కాదు. వాళ్లు పోయిన వస్తువును మార్చారు, పోవడానికి కారణాన్ని మార్చలేదు.

టర్బో చేసే పని

సైలెన్సర్‌లోకి పోయే వేడి పొగకు ఇంకా బోలెడు బలం ఉంటుంది. ఆ పొగ వెళ్తూ వెళ్తూ వేడిని తట్టుకునే ఒక లోహపు ఫ్యాన్‌ను తిప్పుతుంది. అదే షాఫ్ట్‌కు రెండో చివర అల్యూమినియం ఫ్యాన్ ఉంటుంది. అది బయటి గాలిని పీల్చి, అదిమి, ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే అంత ఎక్కువ డీజిల్‌ను పూర్తిగా మండించవచ్చు. బలం పెరుగుతుంది, నల్లపొగ తగ్గుతుంది.

ఈ ఆలోచనకు ఆల్‌ఫ్రెడ్ బూషీ అనే స్విస్ ఇంజనీరు 1905లో పేటెంట్ తీసుకున్నాడు. అది నిజంగా లాభసాటిగా పనిచేసి చూపించేసరికి 1925 వచ్చింది. ఆ ఏడాది ఓడల డీజిల్ ఇంజన్లకు టర్బోలు అమర్చితే 1,750 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ 2,500 ఇచ్చింది. ఆలోచన పుట్టడానికీ, లోహమూ బేరింగులూ దానికి తట్టుకోవడానికీ మధ్య ఇరవై ఏళ్లు పట్టాయి.

ఆ తట్టుకోవడమే టర్బోలో అసలు విషయం. మన పికప్ లాంటి చిన్న డీజిల్ బండ్ల టర్బో లోడు మీద నిమిషానికి లక్ష చుట్లు దాటుతుంది. 1,20,000 చుట్లు అనుకుందాం. సెకనుకు 2,000. ఫ్యాన్ వ్యాసం 45 మిల్లీమీటర్లయితే దాని అంచు గంటకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నట్టు లెక్క. అంత వేగంలో షాఫ్ట్ బుష్షును తాకి తిరగదు. రెండింటి మధ్య మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉండే ఆయిల్ పొర మీద తేలుతుంది. ఆ పొర కొన్ని క్షణాలు తెగినా లోహం లోహాన్ని తినడం మొదలవుతుంది.

కాబట్టి టర్బో బతుకు మూడింటి చేతిలో ఉంది: శుభ్రమైన ఆయిల్, శుభ్రమైన గాలి, తూకం తప్పని ఫ్యాన్. మొదటి రెండూ మీ చేతిలో ఉన్నాయి. మూడోది లేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

విచారణ: ఎవరు చంపారు?

పాత టర్బోను తీసి పక్కన పారేయకండి. సాక్ష్యమంతా దానిలోనే ఉంది.

బుష్షుల మీద, షాఫ్ట్ మీద గీతలు చారలు చారలుగా ఉంటే మురికి ఆయిల్ పనే. ఆయిల్ మార్చాల్సిన కిలోమీటర్లు ఎప్పుడో దాటాయి, లేదా ఫిల్టర్ నాసిరకం. షాఫ్ట్ నీలం రంగుకు తిరిగి, బుష్షు దానికి అంటుకుపోయి ఉంటే ఆయిల్ అందలేదు. ఇంజన్ నుంచి టర్బోకు వచ్చే సన్నటి ఆయిల్ పైపు విప్పి లోపల చూడండి. మాడిన ఆయిల్ బొగ్గులా గట్టిపడి దారి మూసేసి ఉంటుంది. ఆ పైపును కడిగి వాడుకోవడం కంటే కొత్తది వేయడం మేలు. గుంటూరు నుంచి నిండు లోడుతో వచ్చి, ఇంటి ముందు ఆపీ ఆపగానే తాళం తిప్పేసే అలవాటు ఉంటే ఆ బొగ్గు ఎక్కడిదో ఇంకెవరినీ అడగక్కర్లేదు. ఇంజన్ ఆగగానే ఆయిల్ ఆగుతుంది. పొగ ఫ్యాన్ వైపు వేడి మాత్రం వందల డిగ్రీల్లో అక్కడే ఉంటుంది. మధ్యలో చిక్కిన ఆయిల్ మాడిపోతుంది.

గాలి ఫ్యాన్ రెక్కల అంచులు ఇసక కాగితంతో రుద్దినట్టు అరిగి ఉంటే దుమ్ము లోపలికి వెళ్లింది. మన ప్రాంతంలో ఇది మామూలే. వరి కోతల పొట్టు, పత్తి నూగు, కల్లాల మట్టి, మిర్చి దుమ్ము అన్నీ ఎయిర్ ఫిల్టర్ మీదే పడతాయి. 2,523 సీసీ ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే టర్బో లేకుండానే లెక్క ప్రకారం దాదాపు 3,800 లీటర్ల గాలి మింగుతుంది. టర్బో ఉంటే ఇంకా ఎక్కువ. ఫిల్టర్‌కూ పెట్టెకూ మధ్య సందున్నా, రబ్బరు పైపు పగిలినా ఆ గాలితో పాటే దుమ్మూ పోతుంది. ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోవడమూ ప్రమాదమే. గాలి అందక టర్బో గట్టిగా పీలిస్తే సీలు దాటి ఆయిల్ గాలి వైపుకు వస్తుంది. అప్పుడు బుష్షులు బాగానే ఉన్నా "టర్బో ఆయిల్ తాగుతోంది" అనిపిస్తుంది.

రెక్క విరిగి ఉంటే ఏదో వస్తువు తగిలింది. గాలి ఫ్యాన్ రెక్క విరిగితే ఫిల్టర్ పెట్టెలో మరిచిపోయిన నట్టో, గుడ్డ ముక్కో కారణం. పొగ ఫ్యాన్ రెక్క విరిగితే ఇంజన్ లోపలి నుంచే ఏదో ముక్క వచ్చింది. అప్పుడు ముందు చూడాల్సింది ఇంజన్‌ను. విరిగిన అల్యూమినియం ముక్కలు గాలి పైపుల్లో, ఇంటర్‌కూలర్‌లో దాక్కుంటాయి. వాటిని వెతికి తీయకుండా కొత్త టర్బో బిగిస్తే అవి సిలిండర్‌లోకే వెళ్తాయి.

చివరి అనుమానితుడు ఇంజన్. బండి ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తెరవండి. గుప్పుగుప్పున పొగ ఎగదన్నితే రింగులు అరిగి, సిలిండర్ ఒత్తిడి కిందికి దిగుతోందని అనుమానించాలి. టర్బో నుంచి ఆయిల్ తన బరువుతో కిందికి జారి ఇంజన్‌లోకి పోవాలి. కింద ఒత్తిడి ఉంటే జారదు, సీలు దాటి బయటికి వస్తుంది. బ్రీదర్ పైపు మూసుకుపోయినా, ఆయిల్ దిగే పైపు నొక్కుకుపోయినా ఇంతే. అరిగిన ఇంజన్‌కు ఎన్ని టర్బోలు మార్చినా నీలంపొగ ఆగదు.

2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు ఈ ప్రాంతపు మిర్చిని దెబ్బకొట్టినప్పుడు గుర్తుందా? పురుగేదో తేల్చుకోకుండా మందు మీద మందు మార్చి కొట్టినవాళ్లకు ఖర్చు మిగిలింది. బండైనా చేనైనా చేతికి పని చెప్పే ముందు కంటికి పని చెప్పాలి. ఈ విచారణకు ఒక పూట పట్టవచ్చు. మొత్తం పనిలో ఎక్కువ డబ్బు మిగిల్చేది ఆ పూటే.

ఆటోనగర్‌లో కొనేటప్పుడు

పాత టర్బో మీద ఉండే చిన్న రేకు మీది నంబరు ఫోటో తీసుకుని బయల్దేరండి. పక్కన పెట్టి చూస్తే అచ్చం అలాగే ఉన్న రెండు టర్బోల లోపలి ఫ్యాన్లు వేర్వేరు సైజుల్లో ఉండొచ్చు. నంబరు కలవకపోతే ధర ఎంత తక్కువైనా వదిలేయండి.

అమ్మేవాణ్ణి ఒక ప్రశ్న అడగండి: ఇది ఏ బండిది, ఎందుకు విప్పారు? యాక్సిడెంట్‌లో ముందు భాగం పోయిన బండి నుంచి తీసిన టర్బో ఆఖరి నిమిషం దాకా పనిచేసి ఉండొచ్చు. టర్బో పోయిందని విప్పినది అలా కాదు. జవాబును పూర్తిగా నమ్మక్కర్లేదు, టర్బోనే మళ్లీ అడగొచ్చు. రెండు ఫ్యాన్ల రెక్కలనూ వెలుతురులో పట్టి చూడండి. షాఫ్ట్‌ను ముందుకూ వెనక్కూ లాగండి. ఆ ఆట వేలికి స్పష్టంగా తెలుస్తుంటే లోపలి బేరింగులతో పాటు షాఫ్ట్ కూడా అరిగి ఉండే అవకాశం ఉంది. పక్కలకు కొంచెం ఆట ఉండటం సహజం. ఆయిల్ లేనప్పుడు అది ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. పక్కకు నొక్కి తిప్పినా ఫ్యాన్ గోడకు రాసుకోకూడదు. పొగ వైపు ఇనుప గూడు బయటి దాకా పగిలి ఉంటే వద్దు. కొత్త వెండి రంగు వేసి మెరుస్తుంటే అనుమానం పెంచుకోండి. రంగు పగుళ్లను కప్పుతుంది, ఫ్యాన్ గీతలను కప్పలేదు.

ఒక హెచ్చరిక. ఈ అధ్యాయం చెప్పేది పాత తరహా మామూలు టర్బో గురించి. లోపల కదిలే రెక్కలుండి, కంప్యూటర్ నడిపే రకం టర్బోను ఇంటి దగ్గర విప్పకండి. దాన్ని బిగించాక మిషన్‌తో సెట్ చేయాలి. అలాగే అసలు టర్బో లేకుండా తయారైన బండికో, ట్రాక్టర్‌కో టర్బో తగిలించే ఆలోచన మానుకోండి. ఆ పిస్టన్లూ పంపూ ఆ ఒత్తిడికి తయారైనవి కావు. పైగా రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు.

విప్పడం, కడగడం

విప్పే ముందు గాలి గూడు, మధ్య భాగం, పొగ గూడు మూడింటి మీదుగా ఒక గీత గీయండి. షాఫ్ట్, గాలి ఫ్యాన్, నట్టు కలిసే చోట ఇంకో గీత. మొదటి గీత పోతే పైపులు కలవవు. రెండోది పోతే తూకం పోతుంది. ప్రతి మెట్టుకూ ఫోన్‌లో ఫోటో తీయండి.

పొగ వైపు బోల్టులు తుప్పుతో బిగిసి ఉంటాయి. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి. బలం చూపిస్తే స్టడ్డు విరుగుతుంది, పని లేత్ షాపుకు వెళ్తుంది. గాలి ఫ్యాన్ నట్టు చాలా టర్బోల్లో ఎదురు మర. విప్పుతున్నాననుకుని బిగిస్తే షాఫ్ట్ పాడవుతుంది. అందుకే ముందు మర ఎటుందో చూడండి. ఫ్యాన్ రెక్కలను పట్టకారుతో పట్టడం, సుత్తితో తట్టడం కుదరదు.

కడగడానికి కిరసనాయిలో, డీజిలో చాలు. నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో మసి తీయండి. ఇనుప బ్రష్ ఫ్యాన్ దగ్గరికి రాకూడదు. పాత ఇనుప సామాను కడిగే కాస్టిక్ సోడా నీళ్లలో అల్యూమినియం భాగాలు వేస్తే కరిగిపోతాయి. ఆయిల్ దారులను పంక్చరు షాపు గాలితో ఊదండి, కళ్లకు అద్దాలు పెట్టుకుని. అదే గాలిని ఫ్యాన్ మీదికి కొట్టి అది గిర్రున తిరుగుతుంటే సంబరపడేవాళ్లు ఉంటారు. ఆయిల్ లేని బుష్షుల మీద అంత వేగం అంటే కిట్ వేయకముందే అరగదీసుకోవడం.

కిట్‌లో బుష్షులు, థ్రస్ట్ బేరింగ్, సీలు రింగులు, సర్‌క్లిప్పులు, ఓ రింగులు వస్తాయి. ప్రతిదాన్నీ శుభ్రమైన ఇంజన్ ఆయిల్‌లో ముంచి వేయండి. సీలు రింగు గాడిలో కూర్చున్నాక షాఫ్ట్‌ను మెల్లగా తిప్పుతూ లోపలికి పంపాలి. ఎక్కడైనా అడ్డం తగిలితే వెనక్కి తీసి చూడండి. తోస్తే రింగు విరుగుతుంది.

బిగించాక ఆటను కొలవండి. లేత్ షాపులో డయల్ గేజి ఉంటుంది. ముందువెనకల ఆట చాలా చిన్న టర్బోల్లో మిల్లీమీటరులో మూడు వందో వంతుల నుంచి పదో వంతు దాకా ఉంటుంది. మీ మోడల్‌కు కచ్చితమైన అంకె దాని మాన్యువల్‌లో చూడండి. "వేలికి బాగానే ఉంది" అన్న మాట ఇక్కడ చెల్లదు. వేలికి తెలియని తేడా దగ్గరే టర్బో బతకడం, చావడం తేలుతుంది.

మీ పని ఎక్కడ ఆగాలి

ఇప్పుడు ఆ మూడో విషయం, ఫ్యాన్ తూకం. ఫ్యాన్ అంచు దగ్గర, మధ్య నుంచి 20 మిల్లీమీటర్ల దూరంలో, గ్రాములో పదో వంతు బరువు ఒక పక్కకు ఎక్కువైందనుకోండి. నిమిషానికి 1,20,000 చుట్ల దగ్గర ఆ చిన్న నలుసు షాఫ్ట్‌ను దాదాపు 32 కిలోల బరువుతో పక్కకు లాగుతుంది, ప్రతి చుట్టులోనూ. వేగం రెట్టింపైతే ఆ లాగుడు నాలుగు రెట్లు. ఇంత తేడాను పట్టుకునే కళ్లు ఎవరికీ లేవు. దానికి బ్యాలెన్సింగ్ మిషన్ కావాలి.

కాబట్టి షాఫ్ట్, ఫ్యాన్లు బాగుంటే కిట్ వేసి, టర్బోలు మాత్రమే చేసే షాపులో బ్యాలెన్స్ చేయించండి. షాఫ్ట్ అరిగినా, ఫ్యాన్ మార్చాల్సి వచ్చినా ముందే బ్యాలెన్స్ చేసి అమ్మే మధ్య భాగాన్ని, మెకానిక్కులు కోర్ అనేదాన్ని, కొని పాత గూళ్లలో కూర్చోబెట్టడం మంచిది. మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా ఈ రెండోదే. "అంతా నేనే చేశాను" అని చెప్పుకోవాలన్న కోరిక బలమైనదే. కానీ పనిమంతుడికి తన చేయి ఎక్కడ ఆగాలో తెలుసు. మిగతా పనంతా మీరే చేసి ఆ ఒక్కటీ ఇంకొకరికి ఇస్తే మీ పనితనానికి వచ్చిన లోటేమీ లేదు.

బిగించడం, మొదటి స్టార్ట్

కొత్త ఆయిల్, కొత్త ఆయిల్ ఫిల్టర్, కొత్త ఎయిర్ ఫిల్టర్ లేకుండా టర్బో బిగించకండి. ప్యాకింగులు కొత్తవే వేయండి. ఆయిల్ దారిలో సిలికాన్ పేస్ట్ పూయడం మన దగ్గర పాత అలవాటు. దాని నుంచి ఊడిన చిన్న ముక్క సన్నటి రంధ్రాన్ని మూసేస్తుంది. ఆయిల్ దిగే పైపు ఎక్కడా మెలిక పడకుండా నేరుగా కిందికి పోవాలి. ఇంటర్‌కూలర్‌లో, గాలి పైపుల్లో నిలిచిన పాత ఆయిల్ అంతా వంచి, కడిగి, ఆరబెట్టండి.

టర్బో మీది ఆయిల్ రంధ్రంలో శుభ్రమైన ఇంజన్ ఆయిల్ పోసి, ఫ్యాన్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పండి. పైపు బిగించండి. స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని, ఇంజన్ అందుకోకుండా, సెల్ఫ్ మధ్యమధ్య ఆపుతూ కొట్టండి, ఆయిల్ లైటు ఆరేదాకా. అప్పుడు స్టార్ట్ చేసి కొన్ని నిమిషాలు ఐడిల్‌లోనే వదలండి. ఎక్కడైనా చెమ్మ ఉందేమో చూడండి. మొదట కొంచెం పొగ రావచ్చు, సైలెన్సర్‌లోని పాత ఆయిల్ మాడి. కాసేపటికి అది తగ్గాలి.

స్టార్ట్ చేసే ముందు ఒక చదునైన చెక్క పలకను చేతికందేలా పెట్టుకోండి. సీలు సరిగ్గా కూర్చోకపోయినా, పైపుల్లో ఆయిల్ మిగిలినా డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే తాగుతూ తాళం తీసినా ఆగకుండా పరిగెత్తవచ్చు. అప్పుడు గాలి పీల్చే నోటిని పలకతో మూసి ఆపాలి. చేత్తో మూయకూడదు. గుడ్డతోనూ వద్దు, లోపలికి లాగేస్తుంది. పలక అందకపోతే బ్రేకు గట్టిగా తొక్కి, టాప్ గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజన్‌ను ఆపాలి. పిల్లలు, చూడవచ్చినవాళ్లు దూరంగా ఉండాలి.

మొదటి రోజు లోడు వేయకండి. చేబ్రోలు దాకా ఖాళీగా వెళ్లి రండి. తిరిగొచ్చి క్లిప్పులు, నట్లు మళ్లీ బిగించి, ఆయిల్ మట్టం చూడండి.

ఇక మీ అలవాట్లు

టర్బోను బతికించేవి చిన్న అలవాట్లే. పొద్దున స్టార్ట్ చేయగానే యాక్సిలరేటర్ తొక్కకండి. లోడుతో వచ్చాక ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి. యార్డు గేటు దగ్గర లైను గంటల తరబడి కదలకపోతే మాత్రం ఇంజన్ ఆపేయడమే మేలు. ఐడిల్‌లో టర్బో లోపలి గాలి ఒత్తిడి తక్కువ, సీలు దాటి ఆయిల్ రావడానికి అదీ ఒక కారణమే. మిర్చి సీజన్‌లో ఎయిర్ ఫిల్టర్‌ను మాన్యువల్ చెప్పినదానికంటే ముందుగానే చూడండి. ఆ మాన్యువల్ రాసినవాళ్లు మన కల్లాల దుమ్మును లెక్కలో వేసుకుని ఉండరు.

ఈ వారం చేయాల్సిన పని

మీ బండి టర్బో ఇప్పుడు బాగానే ఉన్నా సరే, ఒక చిన్న నోటుపుస్తకం తీసి బండిలో పెట్టండి. మొదటి పేజీలో నాలుగు విషయాలు రాయండి: ఆఖరిసారి ఆయిల్ మార్చిన కిలోమీటర్లు, ఎయిర్ ఫిల్టర్ మార్చిన తేదీ, ఆయిల్ మూత తీస్తే పొగ ఎంత వస్తోంది, వారానికి ఆయిల్ ఎంత తగ్గుతోంది. తర్వాత ప్రతి ఆదివారం ఒక వరుస. పొగ రంగు మారినా, ఈల మొదలైనా అదే రోజు రాయండి.

టర్బో పోయిన రోజు మెకానిక్ ముందు తెరవాల్సింది ఆ పుస్తకమే. ఆయిల్ తగ్గడం ఏ వారం మొదలైందో, దానికి ముందు ఏం మారిందో అందులో ఉంటుంది. కిట్ కొనాలా, కోర్ కొనాలా, ఇంజన్ విప్పాలా అన్నది అప్పుడు ఊహతో తేల్చక్కర్లేదు.